వాసన లేదులే

“రేపు పొద్దున ఓబులేసన్న గుంతలోకి దిగుతాడు మా. మాటిచ్చినాను. నువ్వింక అడ్డం రావద్దు.”

“మాట నువ్విచ్చినావు, నేనియ్యలా. గ్యాసు గుంతలోకి మనిషి దిగేది లేదు.”

“దాని మంట మీదనే గదా నా హోటలు నడిచేది! మొన్నటి నుంచి పొయ్యి చూసినావా? దోసె పెనం కూడా వేడెక్కడంలా. అడుగున మడ్డి గట్టిపడిపోయింది. తియ్యకుంటే ఎట్ల?”

“నీళ్ళు పోసి పొడుగు బొంగులతో గెలుకు. పైనుంచి తోడు. నెలయినా సరే, పైనుంచే.”

“అది అయ్యే పనేనా? ఓబులేసన్న పూడిక తియ్యని బావి ఈ చుట్టుపక్కల ఉందా? ముందు లాంతరు దించి చూస్తాడు. దీపం ఆరలేదంటే లోపల గాలున్నట్టు. అప్పుడే కాలు పెడతాడు.”

“లాంతరా! గ్యాసు గుంతలోకి లాంతరా! ఇల్లు, హోటలు, మనం, అందరం కలిసి ఆకాశానికి పోదామనా?”

“గ్యాసు ఎక్కడుందమ్మా ఇంకా? మధ్యాన్నం మూత ఎత్తి పక్కనే కూర్చున్నాను. మొదట గబ్బు కొట్టింది. కొంచేపటికి అదీ పోయింది. నాదీ హామీ, వాసన కూడా లేదులే.”

చేటలో కందిపప్పు ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. నా కొడుకు రమణ నాకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. వాడి చొక్కాలో నుంచి మురిగిన కోడిగుడ్డు వాసన నా ముక్కుకు గుప్పున కొడుతూ ఉంది. వాడికి మాత్రం తెలియడం లేదు. ఆ చొక్కాతోనే పొయ్యి దగ్గరికి పోయి చట్నీ రుచి చూసి వచ్చాడు కూడా. వాసన లేదులే. ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. వాడి నోటి నుంచి కాదు, బతికున్న వాళ్ళ నోటి నుంచి కూడా కాదు.

మా కోడలు సుజాత గడపలో నుంచి అందుకుంది. “అసలు దాన్ని మట్టేసి పూడ్చిపెడితే పీడా పోతది అత్తా. ఇంట్లోకి కూడా సిలిండరే తెచ్చుకుందాం. వంటింట్లో ఆ పైపు గొణిగేది వింటుంటే నాకు ముద్ద దిగడంలా. నిన్న సందేళ ఎవరో పిలిచినట్టే ఉంది.”

“ఆ ఎలీసమ్మక్కేమో, అడుగు మా అమ్మను,” అన్నాడు రమణ. “చచ్చినామె మాటలు పట్టుకొని బతికున్నోళ్ళ పని చెడగొడతా ఉంది.”

“ఆమె చేతి ముద్దలు తిని పెరిగినోడివిరా నువ్వు,” అన్నాను. వాడు విననట్టు హోటల్లోకి పోయాడు. మాటతో వినే రకం కాదు వాడు. చిన్నప్పుడూ అంతే, నిప్పు కాలుతుందని చెబితే నమ్మలేదు, ముట్టుకుని చూశాడు. కానీ రేపు పొద్దున ముట్టుకుని చూడడానికి దిగేది వాడు కాదు, ఓబులేసు. ఓబులేసు పైకి రాకపోతే తర్వాత దిగేది వీడే. అది నాకు బాగా తెలుసు. ఎందుకు తెలుసో చెప్పాలంటే ఎలీసమ్మక్క సంగతి చెప్పాలి. ఆమెను చూడని వాళ్ళ కోసం ఇదంతా రాస్తున్నాను. నేను చదివింది కొంచెమే, తప్పులుంటే దిద్దుకోండి.

మా ఆయన పోయాక చేను కౌలుకిచ్చి, రమణను చంకనేసుకుని, మార్కాపురం రోడ్డులో ఉన్న ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి చేరాను. అక్కడ వంటింటికి పెద్ద ఎలీసమ్మక్క. పొడుగు మనిషి. తెల్లచీర, బిగించి ముడేసిన జుట్టు, చేతికి గాజు కూడా ఉండేది కాదు. గొంతు ఎత్తి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆమె గొంతు తగ్గించిందంటేనే మాకు భయం. చేరిన రోజు నేను మొదట చూసింది పొయ్యిని. కట్టె లేదు, పొగ లేదు, సిలిండరు లేదు. ఇనప పొయ్యిలో నుంచి నీలం మంట చప్పుడు లేకుండా లేచి నిలబడి ఉంది. ఎక్కడిదక్కా ఇది అని అడిగితే, “మధ్యాన్నం చూపిస్తా, ఇప్పుడు వంకాయలు తరుగు” అంది.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చాక నన్ను వెనక్కి తీసుకుపోయింది. స్నానాల గదులు, మరుగుదొడ్లు దాటాక గుండ్రంగా కట్టిన గుంత, అందులో బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము. చుట్టూ మనిషి లేడు, గాలి లేదు, చెట్టాకు కదలడం లేదు. నేను చూస్తూ ఉండగానే ఆ డ్రమ్ము కీచుమని అరిచి, కొంచెం పక్కకు తిరిగి, భూమిలో నుంచి పైకి లేచింది. లోపల ఎవరో తలతో నెడుతున్నట్టే ఉంది. నేను రమణను గట్టిగా పట్టుకుని వెనక్కి జరిగాను.

“ఎవరున్నారక్కా లోపల?”

“మనమే,” అంది. “పిల్లలు తిన్నదీ, తినకుండా పారేసిందీ, రెండూ అందులోకే పోతాయి. ఎండకు పులిసి గాలవుతది. ఆ గాలే పొయ్యిలో మండేది.”

సంగతి అర్థమయ్యేసరికి ఆ మంట మీద ఉడికిన అన్నం నేను ముట్టనన్నాను. ఆమె నన్ను బతిమాలలేదు. “లచ్చుమ్మా, మీ చేలో వంకాయ కాస్తే తింటావా?” అంది. తింటానన్నాను. “దానికేమేస్తారు?” అంది. ఎరువన్నాను. “ఎరువు ఎక్కడిది?” అంది. నేను పళ్ళెం పక్కకు జరిపాను. “ఊరికే ఉండులే. ఆకలి నాకంటే బాగా చెప్తది” అని తన పళ్ళెం తీసుకుని ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి నేనూ తిన్నాను. రెండోసారి పప్పు కూడా పోయించుకున్నాను. ఆమె నవ్వలేదు. గరిటె అంచుకు అంటుకున్న పప్పును వేలితో తుడిచి నా పళ్ళెంలోనే రాల్చింది.

ఆమె దగ్గర ఏదీ వృథా అయ్యేది కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, అరటి తొక్కలు, పిల్లలు వదిలేసిన మెతుకులు, చారు అడుగున మిగిలిన తొక్కు, అన్నీ గుంతకే. మరుగుదొడ్లలో ఫినాయిలు పోయనిచ్చేది కాదు. ఒకసారి ఎవరో పెద్దవాళ్ళు చూడడానికి వస్తున్నారని నేను వాసన రాకుండా బకెట్టెడు కలిపి తీసుకుపోతుంటే దారికి అడ్డం నిలబడింది. “అది చచ్చిపోతది. అది చస్తే రేపు అన్నమెక్కడిది?” అంది. అది అంటే ఆమెకు గుంత. గొడ్డును గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. పొద్దున్నే దానికి మేత వేసి, కర్రతో కలిపి, తర్వాతనే తను కాఫీ తాగేది. ఇప్పుడు నేనూ అంతే. ఇంట్లో ఉల్లిపొట్టు నేలకు పడితే నాకు నిద్ర పట్టదని సుజాత ఎగతాళి చేస్తుంది. చెయ్యనీ.

అన్నిటికంటే మాకు వింతగా ఉండింది ఆమె ఎల్లిపాయ అలవాటు. తెల్లారి గుంత దగ్గరికి పోయే ముందు ఒక వెల్లుల్లి రెబ్బ గోటితో చిదిమి ముక్కు దగ్గర పెట్టుకునేది. కళ్ళు మూసుకుని లోపలికి పీల్చేది. వాసన తగిలాకనే అడుగు ముందుకు వేసేది. తిరిగి వచ్చాక మళ్ళీ అదే రెబ్బ, మళ్ళీ అట్లే. తర్వాత దాన్ని తాలింపులో వేసేది. నన్ను కూడా వాసన చూడమనేది. నేను ఒకరోజు నవ్వాపుకోలేక అన్నాను, “ఏందక్కా ఇది, ముక్కుకు నైవేద్యమా?”

“నవ్వు, నవ్వు,” అంది. “మీ దేవుళ్ళకు మీరు పెట్టుకోరా? నేను నా ముక్కుకు పెట్టుకుంటా ఉండా. బతికి ఉందో లేదో చూసుకోవద్దా?”

ముక్కు బతికి ఉండడమేమిటో నాకు అర్థం కాలేదు. కొంచెం తిక్క ఉందేమో అనుకున్నాను. సందేళ పైపు దగ్గర ఆమెను చూసినప్పుడు ఆ అనుమానం ఇంకా పెరిగింది. వానాకాలంలో, చలికాలంలో గుంత నుంచి వంటింటికి వచ్చే పైపు గొణిగేది. గుబగుబమని మొదలై, ఆగి, మళ్ళీ మొదలయ్యేది. గోడ అవతల ముసలివాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు మాటలు విడిగా తెలియవు గాని, మాటలే అనిపించేది. మంట పసుపుపచ్చగా మారి ఎగిరెగిరి పడేది. ఆమె పోయి పైపుకు చెవి ఆనించి, “చెప్పు, వింటా ఉండా” అనేది. విని, కింద ఉన్న చిన్న కుళాయి తిప్పేది. నీళ్ళు కారేవి. గొణుగుడు ఆగేది. మంట మళ్ళీ నీలంగా నిలబడేది. “పైపులో నీళ్ళు చేరితే ఇట్ల మాట్లాడుతది. దయ్యం గాదు” అని నాకు చెప్పింది. సరే, అది పైపు. కానీ ఒకనాటి సందేళ నేను గుంత తొట్టిలో కుడితి పోయడానికి పోతే, ఆమె డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని ఉంది. పైపు లేదక్కడ. డ్రమ్ము కిందికి దిగి ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి, “దావీదూ, నేనింకా పైనే ఉండా” అంటోంది. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అంది.

నేను బకెట్టు కింద పెట్టిన చప్పుడుకు తిరిగి చూసింది. దాచుకోలేదు. కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ ఆ సాయంత్రమే చెప్పింది. తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు.

దావీదు ఆమె భర్త. బావులు తవ్వే మనిషి. అంతకు ముందు వాళ్ళిద్దరూ వేరే చోట ఇట్లాంటి గుంత దగ్గరే పని చేశారు. ఒకసారి డ్రమ్ము ఎత్తించి, అడుగున మడ్డి తియ్యాలనుకున్నారు. గిద్దలూరు, కనిగిరి వైపు లోతు బావుల్లో దిగేవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. ముందు లాంతరు దించుతారు. ఆరిందా, దిగరు. దావీదు కూడా లాంతరు తెచ్చాడు. ముసురు పట్టి అగ్గిపెట్టె మెత్తబడి వెలగలేదు.

“అది వెలిగి ఉంటే ఒడ్డు మీద ఉండే మేమందరం అప్పుడే పోయేవాళ్ళం,” అంది ఎలీసమ్మక్క. “పొయ్యిలో మండేది పైకి పోతది లచ్చుమ్మా. చంపేది అడుగున పడుకోనుంటది. బావికి తెలిసిన మనిషికి అది తెలీదు. గుంత పక్కన పొద్దుట్నుంచి కూర్చోనుంటిమి. మొదట్లో కంపు తట్టుకోలేకపోతిమి. తర్వాత ఏం లేదు. ‘వాసన లేదులే ఎలీసా’ అన్నాడు. నిచ్చెన దిగినాడు. అడుగుదాకా పోయి పైకి చూసి నవ్వినాడు. నవ్వి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అలిసిపోయినట్టు. నేను పిలిస్తే పలకలా. మా మరిది, ‘అన్నకు తలతిరిగినట్టుంది’ అని దిగినాడు. వాడూ పోయి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ బస్సుకు ఎదురుచూస్తా ఉన్నట్టు కూర్చున్నారు. అరుపు లేదు, కొట్టుకునేది లేదు. నేను నిచ్చెన మీద ఒక కాలు పెట్టినా.”

పీచు పిండి మళ్ళీ బూడిదలో అద్దింది.

“ఏడుపొచ్చి చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నా. తెల్లారి నుంచి వంటకు ఎల్లిపాయలు ఒలిచిన చేతులు. ఏం వాసనా రాలా. మళ్ళా చూసుకున్నా. గోళ్ళ సందున పొట్టు ఉంది, వాసన లేదు. అప్పుడు తెలిసింది లచ్చుమ్మా, పోయింది గుంతలో వాసన కాదు, నా ముక్కు. కాలు వెనక్కి తీసుకున్నా.”

అప్పటికి డ్రమ్ము మీద ఎండ పూర్తిగా పోయింది. అది చల్లబడి కొంచెం కిందికి దిగుతూ కీచుమంది. ఆ చప్పుడు రోజూ వినేదే. ఆ రోజు మాత్రం ఇద్దరం ఒకేసారి అటు చూశాం.

హాస్టలు మూతబడ్డాక నేను ఇక్కడికి, కంభం దగ్గరికి వచ్చేశాను. ఇంటి వెనక గుంత కట్టించుకుంటానంటే ఎలీసమ్మక్కే వచ్చి చోటు చూపింది. ఇది డ్రమ్ముది కాదు, సిమెంటు గుమ్మటం, పైన మూత. మూత చుట్టూ బంకమట్టి మెత్తేటప్పుడు ఆమె చెప్పింది ఒకటే. “దీంట్లోకి ఎప్పుడూ మనిషి దిగకూడదు. ఎవరైనా దిగుతానంటే ఎల్లిపాయ ఇయ్యి.” మా అత్త అప్పటికింకా ఉంది. ఎలీసమ్మక్కను వంటింట్లోకి రానియ్యలేదు. ఆమె వసారాలో కూర్చునే కాఫీ తాగింది. తర్వాత ఆమె పెట్టించిన మంట మీద కాచిన కాఫీనే మా అత్తా తాగింది. మెచ్చుకుంది కూడా, పొగ లేదని.

కడసారి ఆమెను గిద్దలూరు దగ్గర చెల్లెలింట్లో చూశాను. మంచం పట్టి ఉంది. నన్ను చూడగానే చేత్తో సైగ చేసింది. ఏమిటో అర్థమై, వంటింట్లో నుంచి ఒక రెబ్బ తెచ్చి చిదిమి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. గది నిండా ఘాటు. చెల్లెలు తుమ్మింది. ఆమె కళ్ళు మూసుకుని లోపలికి పీల్చింది. మళ్ళీ పీల్చింది. “వాసన లేదులే లచ్చుమ్మా” అంది. భర్త మాట నాకు చెప్పిన రోజు ఏ గొంతుతో అందో అదే గొంతు. కళ్ళు తెరిచింది గాని నన్ను చూడలేదు. మంచం అంచు మీదుగా కిందికి చూసింది, నిచ్చెన అడుగున ఎవరో కూర్చుని ఉన్నట్టు. అట్లా చూస్తూనే కొంచెం నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ మాట్లాడలేదు. కొద్ది రోజులకు పోయిందని కబురు వచ్చింది.

ఇదంతా రమణతో గొడవ పడిన సాయంత్రం దీపాలు పెట్టే వేళ నా మనసులో తిరిగింది. సుజాత వంటింట్లో నుంచి “అత్తా, మళ్ళా మొదలైంది” అని పిలిచింది. పోయాను. పైపు గొణుగుతోంది. గుబగుబమని, ఆగి, మళ్ళీ. వాడు మధ్యాహ్నం మూత ఎత్తాక పైపులో గ్యాసు ఉండే వీలు లేదు. పొయ్యి తిప్పి చూశాను, రాలేదు. నీళ్ళు చేరాయేమోనని కింది కుళాయి తిప్పాను. చుక్క కారలేదు. లోపల పొడిగా ఉంది. పైపు మాత్రం ఆగలేదు. సుజాత నా కొంగు పట్టుకుంది. ఎప్పుడూ నాకు ఎదురు చెప్పే పిల్ల, చిన్నపిల్లలాగా పట్టుకుంది. నేను పైపుకు చెవి ఆనించాను. ఇనుము చల్లగా ఉంది.

“చెప్పక్కా,” అన్నాను. “వింటా ఉండా.”

ఆగిపోయింది. ఎందుకు మోగిందో, ఎందుకు ఆగిందో నాకు తెలియదు. విన్నది రాశాను, అంతే.

తెల్లారింది. ఓబులేసు తాడు, గంప, లాంతరు తీసుకుని దొడ్లోకి వచ్చాడు. అప్పటికే నేను దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాను. ఒళ్ళో ఎల్లిపాయలు.

“లాంతరు దూరంగా పెట్టు నాయనా. ముందు ఇది వాసన చూడు.”

“ఇంకా ఎలిగియ్యలేదులే పెద్దమ్మా,” అని నవ్వి రెబ్బ అందుకున్నాడు. “ఎల్లిపాయ గదా. ఏంది, నాకు దిష్టి తీస్తా ఉండావా?”

సుజాతకిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకోకముందే మొహం తిప్పుకుంది. తర్వాత రమణకిచ్చాను.

“పొద్దున్నే ఏందమ్మా ఈ నాటకం?” అంటూ వాసన చూశాడు. “ఎండిపోయిన పాయ ఇది.”

అదే పాయలో ఇంకో రెబ్బ వాడి ముందే చిదిమి ఇచ్చాను. రసం వేళ్ళకు కారింది. ఓబులేసుకు అంత దూరంలో కూడా తగిలి ముక్కు రుద్దుకున్నాడు. రమణ పీల్చాడు. మా మొహాలు చూశాడు. మళ్ళీ పీల్చాడు. తర్వాత దాన్ని నోట్లో వేసుకుని కొరికాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“మండతా ఉంది మా,” అన్నాడు. “వాసన...” అని ఆగిపోయాడు.

“దావీదు కూడా లేదులే అనే దిగినాడు,” అన్నాను. “వాళ్ళ తమ్ముడు అన్న కోసం దిగినాడు.”

వాడు గుంత మూత వైపు చూశాడు. “ఓబులేసన్నా, లాంతరు గంపలో పెట్టుకో,” అన్నాడు. “ఎవరం దిగం. పొడుగు బొంగులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో.” ఓబులేసు తాడు చుట్టుకుని, కూలి పోయిందే అనైనా అనకుండా, నా కుర్చీ పక్కన వచ్చి నేల మీద కూర్చున్నాడు. సుజాత రమణను కంభం ఆస్పత్రికి బయలుదేరదీసింది.

వాళ్ళు పోయాక ఓబులేసుకు టిఫిను పెట్టాలి గదా. హోటల్లో అక్కరకని ఉంచిన సిలిండరు మీద ఇడ్లీ ఎక్కించాను. ఒక రెబ్బ ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను. ఘాటుగా తగిలింది. ఒళ్ళో మిగిలిన రెబ్బలన్నీ చట్నీలో వేసి నూరాను.